రాష్ట్రపతి తిప్పి పంపిన బిల్లుకు 2/3 మెజారిటీ కావాలా?

అమెరికా రూలును మన రాష్ట్రపతికి అంటించేశావు తమ్ముడూ, తేడా అక్కడే కొట్టింది. వీటో అయిన, అంటే అధ్యక్షుడు తిరస్కరించిన బిల్లును రెండు సభల్లోనూ 2/3తో నెగ్గించుకోవాల్సింది అక్కడి కాంగ్రెస్. నీ గ్రూప్-2 టెస్టు కీలో ఉన్న 'సాధారణ మెజారిటీ'యే (ఓటేసిన వాళ్లలో సగానికి మించి) రైటు, 2/3 అని చెప్పిన, ఏడు రోడ్ల జంక్షన్‌లో కొన్న ఆ బిట్‌బ్యాంకు పక్కన పెట్టెయ్.

1. ముందు రాజ్యాంగంలో 79వ అధికరణ తియ్యి. అందరూ దీన్ని వదిలేసి నేరుగా 111కి దూకేస్తారు. పార్లమెంటు అంటే రాష్ట్రపతి, రెండు సభలూ కలిపి అని అందులోనే ఉంది, అంటే అమెరికా అధ్యక్షుడిలా బయట నిలబడి అడ్డుకునే మనిషి కాదు, లోపలి భాగమే. పైగా 74 ప్రకారం మంత్రిమండలి సలహా మీద నడవాలి.

2. ఇప్పుడు 111. తిప్పి పంపడం ఒక్కసారే. సభలు మార్చి అయినా, మార్చకుండా అయినా మామూలు బిల్లులాగే సాధారణ మెజారిటీతో మళ్లీ పాస్ చేస్తే రాష్ట్రపతి ఆమోదం ఆపకూడదు. 2006లో లాభదాయక పదవుల బిల్లును (ఏ పదవుల్లో ఉన్నా ఎంపీకి అనర్హత రాదో చెప్పేది) అప్పటి రాష్ట్రపతి కలాం గారు తిప్పి పంపితే పార్లమెంటు మార్చకుండానే మళ్లీ పంపింది, ఆయన సంతకం పెట్టారు.

3. బిల్లు రకం చూడు. ద్రవ్య బిల్లును (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల లాంటి వాటిది) తిప్పి పంపే వీల్లేదు. రాజ్యాంగ సవరణ బిల్లయితే, 1971 నాటి 24వ సవరణ తర్వాత, ఆమోదించి తీరాల్సిందే.