ట్రైలర్ కప్పు మీద సోలార్ ప్యానెళ్లు: వాసం దొరికే దాకా డ్రిల్లు ముట్టొద్దు

ప్రశ్న: అన్నా, మాది హుజూరాబాద్. టెక్సాస్ వచ్చి రెండేండ్లయింది. సెకండ్ హ్యాండ్‌ల ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్న, అదే బండి వెనక తగిలించుకొని పోయే చిన్న ఇల్లులాంటిది. వచ్చే ఎండాకాలం అమ్మానాన్న వస్తున్నరు, వాళ్లను తీసుకొని పార్కులు తిరగాలని ఉంది. కప్పు మీద వంద వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు పెడదామనుకుంటున్న. నాన్నేమో ఫోన్ల "మన మేడ మీద పెట్టినట్టే బోల్టులు కొట్టి బిగియ్, అయిపాయె" అంటున్నడు. మా దోస్తేమో కప్పుకు తూట్లు ఎందుకు, గట్టి టేపు దొరుకుతది, అతికిస్తే చాలంటున్నడు. ఎవరి మాట వినాలె?

తమ్ముడూ, నాన్న చెప్పింది స్లాబు విషయంలో నిజం. దోస్తు చెప్పింది ఫైబర్‌గ్లాస్ కప్పున్న ట్రైలర్ల విషయంలో చాలావరకు నిజం. నీది సెకండ్ హ్యాండ్ అంటున్నావు, దాని కప్పు రబ్బరుదే అయ్యే అవకాశం ఎక్కువ. దానికి ఈ రెండు సలహాలూ ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

నేనిప్పుడు సెలవులకు హన్మకొండ వచ్చి ఉన్నాను. నయీంనగర్‌లో మా ఇంటి మీద మా తమ్ముడు 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించాడు. పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ కూడా వచ్చింది. నిన్న పొద్దున మేడెక్కి వాటి స్టాండ్లు చూశాను. ఇనుప కాళ్లు, కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు, వాటి కింద సలాకలు కట్టి పోసిన స్లాబు. మే నెల గాలిదుమారానికి పక్కింటి రేకులు లేచిపోయాయి గాని ఇవి కదల్లేదు. మీ నాన్న కళ్లతో చూసిన సోలార్ ఇదే కాబట్టి ఆయన అట్లా చెప్పడంలో తప్పు లేదు.

ట్రైలర్ కప్పు సంగతి వేరు. పైన కనిపించే తెల్లటి రబ్బరు పొర మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాని కింద ప్లైవుడ్, చాలావాటిలో 3/8 అంగుళం, కొన్నింటిలో అంతకన్నా పలుచన. ప్లైవుడ్ కింద అడ్డంగా వాసాలు, 16 అంగుళాలకో 24 అంగుళాలకో ఒకటి. వాసాల నడుమ ఉండేది ఇన్సులేషన్, వైర్లు, కొన్నింటిలో ఏసీ గాలి గొట్టం. బలమంతా వాసాల్లోనే ఉంది. గూనపెంకల ఇల్లెక్కి పెంకలు సర్దేవాళ్లు అడుగు వాసం మీద పడేట్టు చూసుకుంటారు కదా, ఇక్కడ స్క్రూ కూడా అట్లాగే దిగాలి. ఒట్టి ప్లైవుడ్‌లో దిగిన స్క్రూ బిగించిన రోజు గట్టిగానే ఉంటుంది. రోడ్డు మీద అదురుతూ అదురుతూ తన చుట్టూ ఉన్న చెక్కను పొడి చేసుకుంటుంది.

ఇంటి మీది ప్యానెల్‌కు పెద్ద గాలి ఏడాదిలో ఏవో కొన్ని రోజులే. ట్రైలర్ మీది దానికి హైవే ఎక్కిన ప్రతిసారీ. గంటకు 65 మైళ్లంటే దాదాపు 105 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ గంటకు 89 నుంచి 117 కిలోమీటర్ల గాలి ఉంటే దాన్ని తీవ్ర తుపాను అంటుంది. అంటే నువ్వు మామూలు వేగంతో పోతున్నా కప్పు మీది ప్యానెల్ తుపానులో ఉన్నట్టే లెక్క. ఆ వేగంలో గాలి పూర్తిగా తగిలితే చదరపు అడుగుకు సుమారు 11 పౌండ్ల ఒత్తిడి. వంద వాట్ల ప్యానెల్ ఆరు చదరపు అడుగుల దరిదాపుల్లో ఉంటుంది, బరువు 15 పౌండ్ల దరిదాపు. దాన్ని లేపే బలం 60 పౌండ్లు దాటొచ్చన్నమాట. ఎదురుగాలి 25 మైళ్ల వేగంతో వీస్తుంటే నీ లెక్క 90 మైళ్లకు చేరుతుంది. గాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి అప్పుడు అదే ప్యానెల్ మీద 120 పౌండ్లు దాటుతుంది. పడుకోబెట్టిన ప్యానెల్ మీద నిజానికి ఇంత పడకపోవచ్చు. కానీ హైవే మీద ఊడిన ప్యానెల్ వెనక వచ్చే కారు అద్దం మీద పడుతుంది, అందులో పిల్లలుండొచ్చు. అందుకే నేను పెద్ద లెక్కకే బిగిస్తాను, నిన్నూ అట్లాగే బిగించమంటాను.

ఇక దోస్తు చెప్పిన టేపు. వీహెచ్‌బీ అనే, రెండు వైపులా అంటుకునే ఆ గట్టి టేపు మంచిదే, నాసిరకం కాదు. ఫైబర్‌గ్లాస్ మీదా, అల్యూమినియం మీదా బ్రహ్మాండంగా పడుతుంది. ఉపరితలాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, వాతావరణం కాస్త వెచ్చగా ఉన్నప్పుడు గట్టిగా అదిమి పెడితే పూర్తి బలానికి 72 గంటలు పడుతుంది. కానీ రబ్బరు కప్పు మీద టేపు పట్టుకునేది రబ్బరును. ఆ రబ్బరును ప్లైవుడ్‌కు పట్టి ఉంచేది కేవలం ఫ్యాక్టరీలో పూసిన జిగురు. గాలి లేపితే టేపు ఊడదు, రబ్బరు పొరే ప్లైవుడ్ నుంచి బుడగలా లేస్తుంది. అప్పుడు ప్యానెల్‌తో పాటు కప్పు కూడా పోతుంది. రబ్బరు కప్పుకు స్క్రూ తప్పదు.

ముందు వాసాలు వెతుకు. రబ్బరు కింద ప్లైవుడ్‌ను వాసాలకు కొట్టిన స్క్రూలు వరుసగా ఉంటాయి. పొద్దున ఏటవాలు ఎండలో చూస్తే చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి, లేకుంటే బలమైన అయస్కాంతం జరుపుతూ పోతే తలల దగ్గర అంటుకుంటుంది. వరుస దొరికాక పక్క వరుసకు దూరం కొలువు. 16 గాని 24 గాని వచ్చిందంటే సరైన దారిలో ఉన్నావు. తయారుచేసిన కంపెనీకి మోడల్ నంబరు ఇచ్చి కప్పు డ్రాయింగ్ అడుగు, చాలామంది పంపుతారు. ఎక్కేముందు ఆ కప్పు మనిషి బరువు మోస్తుందో లేదో మాన్యువల్‌లో చూడు. కొన్ని తేలికపాటి ట్రైలర్లు మోయవు, వాటి మీద వెడల్పాటి ప్లైవుడ్ షీటు పరిచి దాని మీద కూర్చొని పని చేయాలి.

ప్యానెల్‌తో వచ్చే జెడ్ ఆకారపు బ్రాకెట్ల రంధ్రాలు నీ వాసాల మీదికి సరిగ్గా రావు. ఇక్కడే చాలామంది "ఏదో ఒకచోట పడితే చాలు" అనుకుంటారు. దానికి బదులు ట్రైలర్ పొడవు దిశలో రెండు అల్యూమినియం రెయిళ్లు వేసుకో. వాసాలు అడ్డంగా ఉంటాయి, రెయిలు పొడుగ్గా పోతుంది. ఒక్కో రెయిలు రెండు మూడు వాసాలను దాటుతుంది, దాటిన ప్రతిచోటా స్క్రూ దింపొచ్చు. ప్యానెల్‌ను రెయిలుకు ఎక్కడైనా బిగించుకోవచ్చు. ఖర్చు కాస్త ఎక్కువే గాని నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఎక్కడైనా వాసం అందకపోతే వెల్‌నట్ అనే రబ్బరు నట్టు వాడతారు. బిగిస్తే అది ప్లైవుడ్ కింద ఉబ్బి పట్టుకుంటుంది. వాసం స్క్రూలకు అది తోడుగా పనికొస్తుంది, వాటి స్థానంలో కాదు.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకో. ముందు సన్న రంధ్రం వెయ్యి, డ్రిల్లు బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకో, లేకుంటే కింద వైరు తెగొచ్చు, సీలింగ్‌కే బొక్క పడొచ్చు. చివరి బిగింపు చేత్తో బిగించు. ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బ కొడుతూ స్క్రూ తిప్పే మిషను) ఒక్క క్షణంలో చెక్కలోని మరను చెరిపేస్తుంది, ఆ తర్వాత స్క్రూ తిరుగుతూనే ఉంటుంది. ప్యానెల్ బోల్టులకు నైలాన్ లాక్ నట్లు వాడు, అదురుకు వదులు కావు. ప్యానెల్‌కూ కప్పుకూ మధ్య ఒకటి రెండు అంగుళాల సందు ఉంచు. వేడెక్కిన ప్యానెల్ ఇచ్చే కరెంటు తగ్గుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి సెల్సియస్ డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పోతుంది. టెక్సాస్ ఎండైనా, వరంగల్ ఎండైనా ప్యానెల్ 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ సందు పెద్దదైతే గాలి దూరి లేపుతుంది, కాబట్టి రెండు అంగుళాలు చాలు.

ఇప్పుడు నీళ్లు. గాలికి ఊడిన ప్యానెల్ కంటే నీళ్లకు కుళ్లిన కప్పులే నేను ఎక్కువ చూశాను. ఒక్క స్క్రూ రంధ్రం నుంచి దిగిన చుక్కలు నెలల తరబడి ప్లైవుడ్‌ను మెత్తబరుస్తాయి, లోపల సీలింగ్ మీద పసుపు మరక కనిపించేసరికి వాసం కూడా పోయి ఉంటుంది. రెయిలు కింద ముందే బ్యూటైల్ టేపు (నీళ్లు దిగకుండా ఆపే మెత్తటి జిగురు పట్టీ) వెయ్యి, స్క్రూ దాని గుండా దిగాలి. బిగించాక స్క్రూ తలల మీదా అంచుల చుట్టూ డైకోర్ లాంటి సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్ ధారాళంగా పొయ్యి. అది తనంతట తాను పరుచుకొని మూసేస్తుంది. కొన్ని గంటల్లో పైన పొర కడుతుంది, లోపలి దాకా గట్టిపడటానికి నెల వరకు పడుతుంది. అమ్మానాన్న దిగే వారం ముందు ఈ పని పెట్టుకోకు.

వైర్ల గురించి ఎక్కువ చెప్పను. ఎండలో ఉన్న ప్యానెల్ ఎప్పుడూ కరెంటు ఇస్తూనే ఉంటుంది కాబట్టి వైరు కలిపేటప్పుడు దుప్పటి కప్పు. ప్యానెల్ నుంచి బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే కంట్రోలర్‌కు మొదట బ్యాటరీ, తర్వాత ప్యానెల్ కలుపు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. కప్పు మీద వైరు వేలాడకుండా అడుగుకో చోట కట్టు.

అంతా అయ్యాక ప్యానెల్ అంచు పట్టుకొని గట్టిగా పైకి లాగి చూడు. ట్రైలర్ మొత్తం ఊగాలి గాని ప్యానెల్ కదలొద్దు. మొదటి ప్రయాణంలో 50 మైళ్లు పోయాక ఆపి మళ్లీ చూడు. ఆ తర్వాత మూడు నెలలకోసారి.

ప్రశ్న: అన్నయ్యా, మేము కరీంనగర్ వాళ్లం. మా ట్రైలర్ కప్పు రబ్బరుదో కాదో ఎట్లా తెలుస్తది? స్క్రూల దగ్గర సిలికాన్ పెడితే సరిపోతదా?

చెల్లె, కప్పును అరచేత్తో రుద్ది చూడు. చేతికి సుద్దలాంటి తెల్లటి పొడి అంటితే ఈపీడీఎం రబ్బరు. అంటకుండా ప్లాస్టిక్‌లా జారుడుగా ఉంటే టీపీవో అనే ఇంకో రకం పొర కావొచ్చు. గట్టిగా, గాజులా నున్నగా ఉంటే ఫైబర్‌గ్లాస్. ఈపీడీఎం మీద పెట్రోలు, కిరోసిన్ కలిసిన క్లీనర్లు వాడొద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది.

సిలికాన్ మాత్రం వద్దు. మన దగ్గర టాంకీ కారితే ఎం-సీల్, బాత్రూం మూల కారితే సిలికాన్, అది అలవాటైన చెయ్యి. ట్రైలర్ రబ్బరుకు సిలికాన్ సరిగా అంటదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, రేపు కారితే దాని మీద ఇంకేదీ అంటదు, కొత్త సిలికాన్ కూడా. మొత్తం గీకి తీయాలి. పాత ఓనరు ఎక్కడైనా పూసి ఉంటే ప్యానెల్ పని మొదలుపెట్టక ముందే గీకించండి. మీరు షాపులో చేయించుకుంటున్నట్టయితే రెండే ప్రశ్నలు అడగండి: స్క్రూ వాసంలో దింపుతారా, ఏ సీలెంట్ వాడతారు? ఈ రెండింటికి తడుముకోకుండా జవాబు చెప్పలేని షాపుకు గంటకు వంద డాలర్లకు పైగా పోయాల్సిన పని లేదు.

ప్రశ్న: మా అత్తమ్మ, మామయ్య వస్తున్నరు. రెండు ప్యానెళ్లతో ఏసీ నడుస్తదా, అన్నం కుక్కరన్నా నడుస్తదా?

ఏసీ నడవదు. మామూలు ట్రైలర్ ఏసీ నడిచినంతసేపూ 1,300 వాట్ల దరిదాపుల్లో లాగుతుంది. 200 వాట్ల ప్యానెళ్లు మంచి ఎండ రోజున మొత్తం కలిపి 800 వాట్ అవర్ల దాకా ఇస్తాయి, అంటే ఏసీకి గంట కూడా రాదు. ఏసీ కావాలంటే కరెంటు కనెక్షన్ ఉన్న క్యాంప్ సైటే బుక్ చేయండి, పెద్దవాళ్లను వేడిలో పెట్టొద్దు. కుక్కర్ నడుస్తుంది. 600 వాట్ల కుక్కర్ అరగంటకు 300 వాట్ అవర్లు తింటుంది, సరిపడా ఇన్వర్టరూ లిథియం బ్యాటరీ ఉండాలి. రాత్రి ఫ్యాన్‌కూ లైట్లకూ ఫోన్లకూ బ్యాటరీ మిగలాలి కదా, అందుకే అన్నం మధ్యాహ్నం పన్నెండింటికి, ఎండ ఉన్నప్పుడే వండేసి, రాత్రికి గ్యాసు పొయ్యి మీద చారు, కూర వేడి చేసుకోండి.