మానేసి నెలలైనా మళ్లీ తాగాలని ఎందుకనిపిస్తుంది?

మద్యం మానేసి 3 నెలలైంది, ఒంట్లో బాగానే ఉంది, అయినా మనసు అటే లాగుతోందని అడిగారు. ఒళ్లు త్వరగానే కోలుకుంటుంది, మెదడుకే ఎక్కువ కాలం పడుతుంది.

చేతుల వణుకు, చెమటలు, నిద్రపట్టకపోవడం మానేసిన కొన్ని గంటల్లో మొదలై, చాలామందికి వారంలో తగ్గుతాయి. (రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపేయకూడదు. తొలి 2 రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గరే మానాలి.)

ఏళ్ల తరబడి మత్తుతో డోపమైన్‌ని (మెదడులో ఆనందం, కోరికలతో ముడిపడిన రసాయనం) పొంగించాక మామూలు సంతోషాలు చప్పగా అనిపిస్తాయి. అది సర్దుకోవడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే. ఈలోగా పాత స్నేహితుడి ఫోన్, జీతం పడిన సాయంత్రం, పక్క టేబుల్ మీద గ్లాసుల చప్పుడు, ఏదైనా కోరికను రేపుతుంది. ఆ ఉధృతి సాధారణంగా అరగంటలోపే తగ్గుతుంది. అంతసేపూ ఒంటరిగా ఉండకండి, నమ్మకమున్న మనిషికి ఫోన్ చేయండి. తాగకుండా ఉండడానికి సాయపడే నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మందులున్నాయి, డాక్టర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు.

ఎప్పుడైనా జారి మళ్లీ తాగితే దాచకుండా ఆ రోజే డాక్టర్‌కో, నమ్మకమున్న మనిషికో చెప్పండి. హెరాయిన్ లాంటివి వాడినవాళ్లకు ఇది మరీ ముఖ్యం: మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి పడిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీయొచ్చు.