బెల్‌ఫాస్ట్ కిట్టు విప్పబోయే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. హెచ్.ఎం.ఎస్. బెల్‌ఫాస్ట్ అనే బ్రిటిష్ క్రూజరు (యుద్ధనౌక) ప్లాస్టిక్ నమూనా కిట్టు 1/350 కొలతలో కొన్నానని నీవు రాసిన ఉత్తరం అందింది. లండన్‌లోనే ఉన్నావు కనుక థేమ్స్ నదిలో నిలిపిన అసలు నౌకను ఫోటోలు తీసుకుని, వాటిని ఎదురుగా పెట్టుకుని పని మొదలుపెడతానన్నావు. నేను ముందుగా హెచ్చరించవలసినది అక్కడే.

నీ డబ్బా మీద ఉన్న సంవత్సరం 1942. 1939 నవంబరు 21న జర్మన్ల అయస్కాంత మైను పేలి వెన్ను విరిగిన ఆ నౌక, దాదాపు మూడేళ్ల మరమ్మతు తరువాత, నడుము దగ్గర మునుపటికంటే వెడల్పుగా తిరిగివచ్చిన రూపం అది. ఈనాడు నదిలో కనిపించే నౌకకు యుద్ధకాలపు మభ్యరంగులే వేసి ఉన్నా, దాని బ్రిడ్జి (నౌకను నడిపించే గది), స్తంభాలు 1956–59 మార్పుల నాటివి. ఫోటోలో జాలీ అల్లికలా కనిపించే స్తంభం నీ కిట్టులో మూడు కాళ్లతో ఉంటుంది. అది కిట్టు తప్పనుకుని సరిదిద్దబోకు.

నౌక పొడవు 187 మీటర్లు కనుక నమూనా 53 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. అది పట్టే అలమరా ఉందో లేదో ఇప్పుడే కొలుచుకో.

ఫిరంగుల విషయంలో తొందరపడవద్దు. నాలుగు టరెట్లలో (తిరిగే ఫిరంగి గదుల్లో) మూడేసి చొప్పున పన్నెండు ఆరంగుళాల ఫిరంగులుంటాయి. ఒకేసారి పేల్చినప్పుడు గుండ్లు ఒకదాని దారికి మరొకటి అడ్డుపడకుండా ప్రతి టరెట్‌లోనూ నడిమి ఫిరంగిని 30 అంగుళాలు వెనక్కి అమర్చారు. నమూనాలో ఆ తేడా రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. మూడూ సమంగా లేవని గరుకు కాగితంతో అరగదీశావంటే ఆ అందం పోతుంది.

డెక్కుకు రంగు వేసి, అది పూర్తిగా ఆరిన తరువాతే నౌక మీది చిన్న పడవలు అతికించు. వెనుకటికి ఒక క్రూజరుకు నేను ముందే అన్నీ అతికించేసి, పడవల కిందికి కుంచె దూరక, చివరికి కొన్నిటిని విరిచి తీయవలసివచ్చింది. ఆ మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి, నాకు మాత్రమే అని సరిపెట్టుకుంటాను.

స్తంభాల మధ్య తీగలకు దారం వాడకు. దాని నూగు ఈ కొలతలో మోకులా కనిపిస్తుంది. ముక్కలు కత్తిరించగా మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేము పుల్లను కొవ్వొత్తి మంటకు కాస్త పైన తిప్పుతూ ఉండు. నడుము మెరిసి జారబోయే క్షణంలో మంట నుంచి తప్పించి, రెండు చేతులతో ఒకే వేగంతో లాగు. తలవెంట్రుకంత పోగు సాగుతుంది. గమ్ము వాడేటప్పుడు దాని ఆవిరి పోయేలా కిటికీ తెరిచి ఉంచు, ఈ పోగులు అతికించేటప్పుడు మాత్రం అవి గాలికి ఎగరకుండా మూసెయ్యి.

నా సన్నమూతి పట్టకారును మీ అమ్మతో పంపుతున్నాను. చేసంచిలో కాకుండా పెద్ద పెట్టెలోనే పెట్టుకోమని ఆమెకు ఫోనులో గుర్తుచెయ్యి.

మీ మామయ్య