సంకర కోడిపిల్లల్లో పుంజేదో పెట్టేదో పుట్టిన రోజే చెప్పవచ్చా?

తల్లిదండ్రుల రంగులు ముందే తెలిసిన కొన్ని జతల్లో చెప్పవచ్చు. పెరటి సంకర పిల్లల్లో చాలావరకు చెప్పలేం.

కోళ్లలో పిల్ల ఆడా మగా అన్నది తల్లి నిర్ణయిస్తుంది. ఆడా మగా తేల్చే క్రోమోజోములు (జన్యువులను మోసే పోగులు) పుంజుకు రెండు జెడ్‌లు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్టలోని జెడ్ కొడుకులకే చేరుతుంది. ఈకలపై అడ్డచారలు వేసే జన్యువు ఉన్నది ఆ జెడ్ మీదే. అందుకే చారల ప్లిమత్ రాక్ జాతి పెట్టను చారల్లేని నల్ల పుంజుతో జతకడితే, నెత్తిన తెల్లమచ్చతో పుట్టినవి పుంజులు, మచ్చ లేనివి పెట్టలు. చారలు పుంజుకే ఉంటే ఈ కిటుకు పనిచేయదు.

అనంతపురం పల్లెల్లో నాటుకోళ్లు, పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాల కోళ్లు ఒకే దిబ్బ మీద గింజలేరుకుంటాయి కాబట్టి అక్కడ ఈ లెక్క సాగదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. పుంజుపిల్లల తురాయి ముందుగా పెరిగి ఎర్రబడుతుంది. తర్వాత మెడ మీద, తోక మొదట్లో కోసు ఈకలు వస్తే ఇక సందేహమే లేదు.

పిల్లకు తండ్రి ఏ పుంజో కనిపెట్టడం ఇంకా చిక్కు. పెట్ట వీర్యాన్ని దాదాపు రెండు వారాలు దాచుకోగలదు. ఒకేసారి పొదిగిన గుడ్లలో వేర్వేరు పుంజుల పిల్లలు ఉండవచ్చు. మెడ మీద ఈకల్లేని పిల్ల పుడితే మాత్రం తల్లో తండ్రో అలాంటిదే, ఎందుకంటే ఆ లక్షణం ప్రబలమైనది, అంటే దాని జన్యువు ఒక్కటి ఉన్నా బయటికి కనిపిస్తుంది.

కోసు గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందన్న నమ్మకం తప్పు. గుడ్డు ఆకారం దాన్ని పెట్టిన కోడిని బట్టి వస్తుంది. ఆ నమ్మకమే నిజమైతే, ఎప్పుడూ కోసు గుడ్లే పెట్టే కోడికి ఒక్క ఆడపిల్లా పుట్టకూడదు.