సంథకి కూర్చునే ముందు

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. యూట్యూబ్‌లో విని నమకం, అదే రుద్రుడికి నమస్కారాలు చెప్పే వేదభాగం, సగం పట్టేశానని మొన్న ఫోన్‌లో అన్నావు. సంతోషమే. ఆ తర్వాత నాలుగు వాక్యాలు వినిపించావు చూడు, అప్పట్నించీ మీ మామ్మ నవ్వుతూనే ఉంది. రైలు తప్పిపోతుందన్నట్టు ఒకటే పరుగు. నీ వయసులో నాకూ అదే జబ్బు, అందుకే ఈ ఉత్తరం.

మొబైల్ నీకు వినిపిస్తుంది గానీ నిన్ను వినదు. సంథ అంటే గురువు ఒకసారి చెబితే శిష్యుడు రెండుసార్లు చెప్పడం. ఆ రెండుసార్లూ గురువు చెవి నీ నోటి దగ్గరే ఉంటుంది. స్వరం జారినా, పొట్టి అక్షరం పొడుగైనా అక్కడే ఆపుతారు. తప్పుతో వల్లె వేశావో, వంద వల్లెలూ ఆ తప్పునే గట్టిచేస్తాయి. దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. కాబట్టి ఆ సగం మర్చిపో. కోపం తెచ్చుకోకు.

వేదం ఎలా పలకాలో చెప్పే పాణినీయ శిక్షలో అధమ పాఠకులని ఆరుగురిని చెప్పారు. పాటలా సాగదీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసింది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పీలగా ఉన్నవాడు. ఫోన్‌లో విన్నంతలో నీకు మూడు వచ్చాయి. తల ఊపావో లేదో కనబడలేదు. అందులోనే ఇంకో పోలిక ఉంది, నాకు చాలా ఇష్టం. ఆడపులి తన పిల్లని నోట కరుచుకుని తీసుకెళ్ళినట్టు అక్షరాన్ని పట్టుకోవాలట. పన్ను దిగకూడదు, పిల్ల జారకూడదు.

ఇక అర్థం. పంతొమ్మిదేళ్ళప్పుడు పక్కూళ్ళో అభిషేకానికి వెళ్ళాను. నమకంలోని 11 అనువాకాలూ, అంటే విభాగాలూ, గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. వేగంలో నన్ను మించినవాడు లేడని పొగరు. అయ్యాక అక్కడి పెద్దాయన ఒకరు, "నాలుగో అనువాకంలో 'కులాలేభ్యః' అన్నావు, ఎవరయ్యా వాళ్ళు?" అని అడిగారు. తెలీదు. ఆయన అరుగు మీద కుండలు దించుతున్న మనిషిని చూపించి, "ఇదుగో, వీళ్ళు. లోపల దండం పెట్టావు, వచ్చేటప్పుడు గుమ్మంలో అడ్డు లెమ్మని కసిరావు" అన్నారు. ఆ రోజు సంభావన తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

ఆ అనువాకంలో కుమ్మరులే కాదు, వడ్రంగులు, కమ్మరులు, నిషాదులు, వేటగాళ్ళు కూడా ఉన్నారు. మూడో అనువాకంలో దొంగల నాయకుడికీ నమస్కారమే. ఇన్ని నమస్కారాలు నోట్లో పెట్టుకుని, ఈ చదువుని ఎంతమందికి దూరంగా ఉంచారో నీకు తెలుసు. నేను దాన్ని సమర్థించను. మీ చెల్లెలు కూర్చుంటానంటే ఇంకో పీట వేస్తాను.

నమకం తర్వాత చెప్పే చమకం చూడు, మన గోదావరి లంకల్లో రైతు రాసుకున్న చిట్టాలా ఉంటుంది. నాగలి కావాలంటాడు. వరి, మినుములు, నువ్వులు, పెసలు కావాలంటాడు. "కృషిశ్చ మే వృష్టిశ్చ మే" అని సేద్యం, వాన అడుగుతాడు. అయితే వాటికి సరిగ్గా ముందు "సగ్ధిశ్చ మే సపీతిశ్చ మే" ఉంది. అంటే నలుగురితో కలిసి తినడం, కలిసి తాగడం. పంట కన్నా పంక్తిని ముందు అడిగాడు, గమనించావా? ఇంకోటి, 'మే' అంటే 'నాకు'. ఆ మాటకి ఉదాత్తం, అంటే పదంలో ప్రధానమైన స్వరం, లేదు. ఫోన్‌లో చమకం ముక్క చెప్పినప్పుడు నువ్వు వెతికి వెతికి దాన్నే గట్టిగా నొక్కావు!

వాన సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. గోదావరి స్నానం చేస్తూ కాటన్ దొరని భగీరథుడంటూ సంస్కృత శ్లోకం చెప్పుకునే పండితులు మన వైపు ఉండేవారు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే కదా మన చేలకి కాలవ నీళ్ళు. ఆ శ్లోకంలోనే ఆయన ఆంగ్లేయుడని కూడా చెప్పేశారు, దాచలేదు. అది కూడా నేర్పుతాను, రెండు పంక్తులే.

రోజుకి రెండు వాక్యాలు చాలు. తెల్లవారుజామున, కాఫీకి ముందు. ఆఫీసు టెన్షన్ ఉన్న రోజు కొత్తది ముట్టుకోకు, పాతదే వల్లె వేసుకో. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య అనధ్యయనం. ఆ రోజుల్లో పాఠం అడగకు, నేను పేకాటకి పోతాను.

సంక్రాంతికి ఎలాగూ వస్తావు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళి 11 రుద్రుల విగ్రహాలు మోసే ప్రభలూ చూస్తావు. కుర్రాళ్ళతో కలిసి ప్రభకి భుజం పట్టి "అశ్శరభ శరభ" అని అరుస్తావు. అరుచుకో, అక్కడ అరవాలి. మర్నాటికి నీకు గొంతు ఉండదు. అందుకని పాఠం ఆ పై రోజుకి పెట్టుకుందాం, తిథి చూసి ఫోన్ చేస్తాను. వచ్చేటప్పుడు నీ ఫోన్ మామ్మ చేతిలో పెట్టి కూర్చో.

ఆశీస్సులతో,
తాతయ్య