ఒరెగాన్‌లో ఎప్పుడూ వానేనా? మా అమ్మానాన్నలతో తిరిగిన అనుభవం

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ పక్కనే ఉన్న హిల్స్‌బరోలో జులై నుంచి సెప్టెంబరు దాకా అబ్బాయి దగ్గర ఉంటామని మీరు రాశారు. ఒరెగాన్‌లో ఎప్పుడూ వానేనటగా, ఇంట్లోనే కూర్చోవాలా అని అడిగారు. వాన గురించి టెన్షన్ వద్దండి. నేను ఆరేళ్ళు అక్కడే ఉన్నాను. జులై, ఆగస్టుల్లో చినుకు పడితే విశేషమే. అసలు పోర్ట్‌లాండ్‌లో ఏడాది మొత్తం పడే వాన మన రాజమండ్రి వాన కంటే తక్కువ. మన దగ్గర నైరుతిలో కుమ్మరించి పోతుంది, అక్కడ అక్టోబరు నుంచి మే దాకా సన్నగా తుంపర పడుతూనే ఉంటుంది. అందుకే ఆ పేరొచ్చింది.

ఆ తడి కూడా రాష్ట్రమంతా ఉండదు. సముద్రం మీంచి వచ్చే మబ్బుల్ని కాస్కేడ్ కొండలు ఆపేస్తాయి. వాటికి పడమట విలామెట్ లోయ పచ్చగా ఉంటుంది. పోర్ట్‌లాండ్, రాజధాని సేలం, యూజీన్ మూడూ విలామెట్ నది ఒడ్డునే ఉన్నాయి. కొండలకి తూర్పున మాత్రం అనంతపురం గుర్తొచ్చేంత పొడినేల.

ఈ తేడా చూడాలంటే ఒకరోజు కొలంబియా నది పక్కనే కారులో తూర్పుకి వెళ్ళండి. ముందు 620 అడుగుల మల్టనోమా జలపాతం వస్తుంది. హుడ్ రివర్ ఊరు దాటాక చెట్లు పలచబడతాయి, ద డాల్స్ చేరేసరికి అన్నీ ఎండుగడ్డి కొండలే.

దారిలో బానవిల్ డ్యాం దగ్గర తప్పకుండా ఆగండి, వీలైతే సెప్టెంబరు మొదట్లో. సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలు డ్యాం దాటడానికి అక్కడ మెట్లు మెట్లుగా కాలువ కట్టారు. కింద అద్దాల కిటికీలోంచి ఆ నీళ్ళు కనిపిస్తాయి. మా నాన్నగారిది కోనసీమ. మూతి గీరుకుపోయి, రెక్క చిరిగిన పెద్ద చేప ఒకటి అద్దం పక్కనే ప్రవాహానికి ఎదురుగా కాసేపు నిలబడింది. తర్వాత ఒక్క ఊపున ముందుకు పోయింది. నాన్నగారు అద్దం మీద చెయ్యి ఆనించి, "మన పులస కూడా ఇంతేరా, ధవళేశ్వరం దాకా ఇలాగే వస్తుంది" అన్నారు. గంటన్నర అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ ట్రిప్ మొత్తంలో ఇండియా వెళ్ళాక అందరికీ చెప్పింది అదొక్కటే.

మౌంట్ హుడ్ 11,249 అడుగులు, రాష్ట్రంలో అదే ఎత్తైన శిఖరం. టింబర్‌లైన్ లాడ్జ్ దాకా, అంటే దాదాపు 6,000 అడుగుల వరకు, కారు పోతుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నా ఫర్వాలేదు. జులైలో కూడా పైన మంచు ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోకండి.

క్రేటర్ లేక్ మాత్రం ఒక్కరోజులో వెళ్ళి రావద్దు. ఒకవైపే నాలుగు గంటల పైన ప్రయాణం, మా అమ్మ బాగా అలసిపోయింది. సుమారు 7,700 ఏళ్ళ కిందట అగ్నిపర్వతం కూలిపోయి ఏర్పడిన గుంట అది. లోతు 1,943 అడుగులు. అందులోకి వచ్చే నది లేదు, వాన నీళ్ళూ కరిగిన మంచూ తప్ప. ఆ నీలం ఫోటోల్లో రాదు. రాత్రికి దగ్గర్లో ఎక్కడైనా రూమ్ తీసుకోమని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి, వేసవిలో త్వరగా నిండిపోతాయి.