జర్మనీలో ‘గవర్నమెంట్ గుర్తింపు’ సీటు: అడ్వాన్స్ కట్టే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మా అమ్మాయి జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో బీటెక్ ఫైనలియర్ చదువుతోంది. జర్మనీలో ఎంఎస్ చేస్తానంటోంది. బెర్లిన్‌లో గవర్నమెంట్ గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో సీటు గ్యారంటీ అని, ఏడాదికి 11 వేల యూరోల ఫీజని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. వారంలోగా అడ్వాన్స్ కట్టమంటున్నారు. వీళ్లు చెప్పేది నిజమో కాదో మేమే తెలుసుకునే దారి ఉందా?

– ఒక తండ్రి

జవాబు: ఉందండి. అందుకు పైసా ఖర్చు కూడా లేదు. తమ చదువుల గురించి బయటివాళ్లకు చెప్పడానికి జర్మనీలో ప్రత్యేకంగా సంస్థలే ఉన్నాయి. కన్సల్టెన్సీకి వెళ్లే ముందు వాటిని చూసేవాళ్లు మనలో చాలా తక్కువ.

ముందుగా ఆ యూనివర్సిటీ ఎవరిదో తేల్చుకోండి. జర్మనీ యూనివర్సిటీల రెక్టర్ల సమాఖ్య ‘హోహ్‌షూల్‌కొంపాస్’ అనే వెబ్‌సైట్ నడుపుతోంది. అక్కడి ప్రభుత్వ, ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలు, వాటి కోర్సులు అందులో ఉంటాయి. ఇంగ్లిష్‌లోనూ చూడొచ్చు. పేరు కొడితే అది ప్రభుత్వానిదా, ప్రైవేటుదా, చర్చిదా అన్నది కనిపిస్తుంది. మీ విషయంలో అసలు మెలిక ఇక్కడే ఉంది. ప్రైవేటు యూనివర్సిటీకీ ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్లు అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ మీకు అర్థమైంది మాత్రం వేరు. ఏడాదికి 11 వేల యూరోలంటే ప్రైవేటు అయ్యే అవకాశమే ఎక్కువ. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా కోర్సులకు ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కు కొన్ని వందల యూరోల లోపు చందా కడితే చాలు. మినహాయింపులూ ఉన్నాయి. అక్కడ చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది.

ప్రైవేటు అనగానే చెడ్డదని కాదు. తెలిసి కట్టడం వేరు, తెలియక కట్టడం వేరు.

కోర్సుల కోసం జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డీఏఏడీ (డాడ్ అంటారు) వెబ్‌సైట్‌లోని ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ జాబితా చూడమనండి. 1925లో మొదలైన సంస్థ ఇది, ఢిల్లీలోనూ ఆఫీసు ఉంది. ఇంగ్లిష్‌లో బోధించే, ట్యూషన్ ఫీజు లేని కోర్సులను వేరుచేసి చూడొచ్చు. కానీ ఆఖరి తేదీకి యూనివర్సిటీ సొంత పేజీనే ప్రమాణం. వింటర్ సెమిస్టర్‌కు చాలాచోట్ల జూలై 15 అని ఉన్నా, మనవాళ్లు ఎక్కువగా చేరే ఇంగ్లిష్ మాస్టర్స్ కోర్సులకు గడువు ఇంకా ముందే ముగిసిపోతుంటుంది.

మన డిగ్రీని వాళ్లు ఎలా చూస్తారన్నది ‘అనాబిన్’ డేటాబేస్‌లో ఉంటుంది. విద్యాసంస్థ పక్కన హెచ్ ప్లస్ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. మీ అమ్మాయికి డిగ్రీ ఇచ్చేది జేఎన్‌టీయూ కాబట్టి కాలేజీ పేరుతో దొరక్కపోయినా కంగారు పడకుండా యూనివర్సిటీ పేరుతో వెతకండి. సైట్ జర్మన్‌లోనే ఉంటుంది, బ్రౌజర్ అనువాదంతో నెట్టుకురావచ్చు.

వీసాకు 2022 నవంబర్ నుంచి మన విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. మన చదువు కాగితాలు అసలువేనా అని ఢిల్లీలోని జర్మన్ ఎంబసీకి చెందిన ఏపీఎస్ విభాగం పరిశీలించి దీన్ని ఇస్తుంది. దీనికి టైమ్ పడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. చాలా యూనివర్సిటీల దరఖాస్తులు యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా వెళ్తాయి. అదీ కాగితాలు చూసి పంపడం వరకే, సీటు ఇచ్చేది యూనివర్సిటీయే. అందుకే ‘గ్యారంటీ’ అనే మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఈ సంస్థలేవీ ఫలానా కోర్సు మీ అమ్మాయికి సరిపోతుందని చెప్పవు. అది ఆమె మార్కులు, ఆసక్తి చూసుకుని మీరే తేల్చుకోవాలి. అనుమానాలుంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు అమ్మాయినే మెయిల్ రాయమనండి. మీరు రాయడం కంటే అదే మేలు.

ఈ వారం మాత్రం అడ్వాన్స్ కట్టకండి. యూనివర్సిటీ పూర్తి పేరు, కోర్సు పేరు, డిగ్రీ ఎవరు ఇస్తారన్నది కాగితం మీద రాసిమ్మని కన్సల్టెన్సీని అడగండి. డబ్బు కడితేనే పేరు చెబుతామంటే ఆ సీటు వదిలేయండి.